నాన్నకు డిస్క్, మేనత్తకు మెదడులో బుడగ: ఇద్దరికీ ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఎమ్మిగనూరులో మగ్గం నేసే నాన్నకు 49 ఏళ్లు. ఐదు వారాలుగా ఎడమ కాలు పిరుదు నుంచి బొటనవేలి దాకా గుంజుతోంది. ఎంఆర్ఐలో నడుం దగ్గరి ఎల్-4, ఎల్-5 ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారిందని వచ్చింది. ఒక డాక్టరు వెంటనే ఆపరేషన్ చేయాలి, స్క్రూలు కూడా వేయాలి అన్నారు. ఇంకొకరు ఆగమన్నారు. ఇంతలో తలనొప్పి అని స్కాన్ తీయించుకున్న 58 ఏళ్ల మేనత్తకు మెదడు రక్తనాళం మీద 4 మిల్లీమీటర్ల బుడగ బయటపడింది. అక్కడా ఆపరేషన్ మాటే. పరిశోధనలు ఏమంటున్నాయి, ఎవరి మాట వినాలి అని అడిగారు.

నేను కర్నూలులో 23 ఏళ్లుగా న్యూరోసర్జన్‌గా పనిచేస్తున్నాను. మనిషిని పరీక్షించకుండా "చేయించండి" అనో "వద్దు" అనో తేల్చలేను. కానీ మీ రాతలో ఇద్దరు డాక్టర్లలో ఒకరు అబద్ధం చెబుతున్నారన్న అనుమానం కనబడుతోంది. అలా కాకపోవచ్చు. ఒకరు "తొందరగా తగ్గేది ఎలా" అన్నదానికి, ఇంకొకరు "చివరికి ఏమవుతుంది" అన్నదానికి జవాబు చెప్పి ఉంటారు. స్క్రూల సంగతి మాత్రం వేరే, దానికి తర్వాత వస్తాను.

మా పల్లెలో ఎవరికైనా నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించుకునేవాళ్లు. మా వీధిలో అలాంటి పిల్లవాడు ఒకడుండేవాడు. పొద్దున వాడు బడికి పోయే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు వాడి ముందు వంగి నిలబడేవాళ్లు. నాలుగైదు రోజులకు నొప్పి పోయేది. పోక ఏం చేస్తుంది? పట్టేసిన నడుం ఎవరూ తన్నకపోయినా చాలామందికి కొద్ది రోజుల్లో వదులుతుంది. సర్జరీ నేర్చుకున్నాక నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే: నా కత్తి కూడా ఆ పిల్లవాడి కాలేనా? ఆపరేషన్ తర్వాత రోగి లేచి నడిస్తే అది నేను చేసిన పనా, ఎలాగూ తగ్గేదేనా?

ఇది తేల్చాలంటే ఒకటే దారి. ఒకే రకం రోగులను చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్ చేసి, రెండో గుంపుకు చేయకుండా ఏళ్ల తరబడి చూడాలి. మా వృత్తికి ఇది రుచించే పని కాదు. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో ఇలాంటి రెండు పరిశోధనలు అచ్చయ్యాయి. ఎముకలు గుల్లబారి వెన్నుపూస నలిగిపోయిన వాళ్లకు సూదితో సిమెంటు ఎక్కించే చికిత్స అప్పటికి బాగా నడుస్తోంది. కొంతమందికి నిజంగా ఎక్కించారు. మిగతావాళ్లకు మత్తుసూది వేసి, సిమెంటు డబ్బా మూత తీసి గదిలో వాసన మాత్రం వచ్చేలా చేసి పంపేశారు. నొప్పి తగ్గడంలో రెండు గుంపులకూ తేడా రాలేదు. ఎదురుకాళ్ల పిల్లవాడు గెలిచాడన్నమాట. ఆ తర్వాత వచ్చిన పరిశోధనల మీద ఇంకా వాదనలున్నాయి కానీ, ఆ రోజు చాలామంది సర్జన్లకు కాఫీ చేదెక్కింది.

డిస్క్ విషయంలో మాత్రం కథ ఇంత ఏకపక్షంగా లేదు.

డిస్క్ నరాన్ని నొక్కడం వల్లే కాలు గుంజుతుందని అమెరికాలో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు 1934లో రాసేదాకా, ఆ ముక్కలను చాలామంది గడ్డలనే అనుకునేవాళ్లు. అప్పటినుంచి డెబ్బై ఏళ్లపాటు లక్షల ఆపరేషన్లు జరిగాయి. గట్టి పోలిక మాత్రం ఆలస్యంగా వచ్చింది. నెదర్లాండ్స్‌లో 2007లో వెలువడిన పరిశోధన మీ నాన్న కేసుకు బాగా దగ్గరగా ఉంటుంది. ఆరు నుంచి పన్నెండు వారాలుగా కాలు తీవ్రంగా గుంజుతున్న 283 మందిని తీసుకున్నారు. ఒక గుంపుకు తొందరగా ఆపరేషన్. ఇంకో గుంపుకు ఆరు నెలలు మందులు, కదలికలు, అవి చాలకపోతే అప్పుడు ఆపరేషన్. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ నూటికి 95 మంది కోలుకున్నామన్నారు. తేడా ఎక్కడ వచ్చిందంటే వేగంలో. ఆపరేషన్ గుంపులో సగంమంది నాలుగు వారాలకే కోలుకుంటే, ఆగిన గుంపులో సగంమందికి పన్నెండు వారాలు పట్టింది. ఆగినవాళ్లలో నూటికి 39 మంది నొప్పి ఓర్చుకోలేక మధ్యలో ఆపరేషన్‌కు వచ్చేశారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అమెరికాలో స్పోర్ట్ అనే పెద్ద పరిశోధన 2006లో వచ్చింది. 13 ఆసుపత్రులు, 501 మంది. దాని ఫలితం కన్నా జరిగిన తంతు నాకు ఎక్కువ నేర్పింది. ఆపరేషన్ చీటీ వచ్చినవాళ్లలో రెండేళ్లకు 60 శాతమే చేయించుకున్నారు. వద్దన్న చీటీ వచ్చినవాళ్లలో 45 శాతం చేయించేసుకున్నారు. నొప్పి ఎక్కువున్నవాడు ఇటు దూకాడు, తగ్గినవాడు అటు దూకాడు. గుంపులు కలిసిపోతే పోలిక ఎక్కడిది? "ఆపరేషన్ వల్ల తేడా లేదని అమెరికా పరిశోధన తేల్చింది" అని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే ఈ సంగతి అడగండి.

కెనడా నుంచి 2020లో మరొకటి వచ్చింది. కాలినొప్పి నాలుగు నెలలు దాటి పన్నెండు నెలల లోపు ఉన్న 128 మందిని చూశారు. పదికి ఎనిమిది దగ్గర ఉన్న నొప్పి, ఆపరేషన్ చేసినవాళ్లలో ఆరు నెలలు తిరిగేసరికి 2.8కి దిగింది, చేయనివాళ్లలో 5.2 దగ్గర ఆగింది. అంటే ఆరు వారాల లోపు ఆగడంలో నష్టం లేదు, నెలల తరబడి నానబెట్టడంలో ఉంది. నేను ఈ రెంటి మధ్యలోనే మాట్లాడతాను. కాలిలో బలం బాగుంటే ఆరు వారాల దాకా ఆగమంటాను. ఎనిమిది వారాలకూ మనిషి రాత్రి పడుకోలేకపోతుంటే ఆపరేషన్ మాట ఎత్తుతాను.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆ నెదర్లాండ్స్ రోగికి పనికి పోకపోయినా రెండేళ్లదాకా జీతంలో కనీసం 70 శాతం వస్తుంది. అక్కడ పన్నెండు వారాలు ఆగడమంటే ఇంట్లో కూర్చోవడమే. ఎమ్మిగనూరులో గుంట మగ్గం ముందు కాళ్లు కిందకు దించి, చెక్కలు తొక్కుతూ రోజంతా కూర్చునే మనిషికి పన్నెండు వారాలంటే చీర దిగదు, మాస్టర్ వీవర్ దగ్గర అప్పు పెరుగుతుంది. "ఏడాదికి ఇద్దరూ సమానమే" అన్న వాక్యం ఆయనకు అన్నం పెట్టదు. అందుకే ఒక డాక్టరు తొందరగా చేయించుకోండి అంటే నేను తప్పుపట్టను. కాకపోతే "చేయించుకోకపోతే కాలు పడిపోతుంది" అని భయపెట్టి అనకూడదు. "ఎనిమిది వారాలు ముందుగా మగ్గం ఎక్కొచ్చు" అని చెప్పి, ఎంపిక ఆయనకు వదలాలి.

ఫిలిం చూసి భయపడటం గురించి. ఎంఆర్ఐ రిపోర్టులో "డిస్క్ బల్జ్", "డీజెనరేషన్" అని చదివి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లను వారానికి పదిమందినైనా చూస్తాను. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూసిన సమీక్ష 2015లో వచ్చింది. 50 ఏళ్ల వయసులో, ఏ బాధా లేనివాళ్లలోనే, నూటికి 80 మందికి డిస్క్ అరుగుదల ఉంది, 60 మందికి ఉబ్బు ఉంది. తలలో నెరిసిన వెంట్రుకల్లాంటివి అవి. ఇంకో విచిత్రం ఏమిటంటే, చూడ్డానికి భయంకరంగా ఉన్నవే ఎక్కువగా కరుగుతాయి. డిస్క్ నుంచి తెగి విడిపోయిన ముక్కలు వాటంతటవే తగ్గిపోవడం 96 శాతం కేసుల్లో కనబడితే, కొద్దిగా ఉబ్బినవి తగ్గింది 13 శాతంలోనే. ఒంట్లో రక్షణ కణాలు ఆ తెగిన ముక్కను పరాయిదిగా భావించి తినేస్తాయి. కాబట్టి "చాలా పెద్దది" అన్న మాటకే హడలిపోవద్దు.

మీ నాన్నకు నొప్పి బొటనవేలి దాకా పోతోందన్నారు. ఎల్-4, ఎల్-5 మధ్య డిస్క్ మామూలుగా నొక్కేది ఎల్-5 నరాన్ని, ఆ నరం దారి అదే. ఫిలిం, మనిషి ఒకే మాట చెబుతున్నారు. ఆపరేషన్ ఫలితం బాగుండేది ఇలాంటివాళ్లకే. కాలు గుంజడం తగ్గుతుంది. నడుం నొప్పికి మాత్రం ఆ హామీ ఇవ్వలేం.

ఈ తేడా నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. కొత్తగా చేరిన రోజుల్లో ఆదోని జిన్నింగ్ మిల్లులో మూటలు మోసే ఒక హమాలీ వచ్చాడు. నొప్పి అంతా నడుంలోనే, కాలిలో ఏమీ లేదు. ఫిలింలో డిస్క్ మాత్రం బ్రహ్మాండంగా కనబడింది. చేతినిండా ఉత్సాహంతో చేసేశాను. మచ్చ అందంగా మానింది. మూడు నెలలకు వచ్చి ఎదురుగా కూర్చుని, "అంతా బాగా చేసినారు సార్, నొప్పి మాత్రం ఆడనే ఉంది" అన్నాడు. అప్పు తెచ్చి చేయించుకున్నాడని తర్వాత తెలిసింది. నేను ఫిలింకు ఆపరేషన్ చేశాను, అతనికి కాదు.

ఇక స్క్రూలు. మొదటిసారి జారిన మామూలు డిస్క్‌కు, వెన్నుపూస పక్కకు జరగకుండా ఉంటే, మామూలుగా స్క్రూలు, రాడ్లు అక్కర్లేదు. చిన్న కోత పెట్టి, మైక్రోస్కోప్‌లో నరం మీదున్న ముక్క తీసేస్తే చాలు. పెద్దవయసులో వెన్ను కాలువ ఇరుకై, నాలుగు అడుగులు వేస్తే కూర్చోవాల్సి వచ్చేవాళ్ల మీద స్వీడన్‌లో చేసిన పరిశోధన 2016లో వచ్చింది. 247 మంది. కాలువ విప్పడం ఒక్కటే చేసినా, దానితోపాటు ఎముకలు అతికించినా, రెండేళ్లకూ ఐదేళ్లకూ ఫలితంలో తేడా లేదు. వాళ్లలో ఎముక కొద్దిగా జరిగినవాళ్లూ ఉన్నారు. అదే సంచికలో అమెరికా నుంచి వచ్చిన చిన్న పరిశోధన అతికించడం వైపు కొంచెం మొగ్గింది కాబట్టి, జరిగిన ఎముకల విషయంలో వాదన ఉంది. మీ నాన్న రిపోర్టులో ఎముక జరిగిన మాట లేకపోతే "స్క్రూలు ఎందుకు?" అని నేరుగా అడగండి. నిలబడి, ముందుకు వంగి, వెనక్కి వంగి తీసిన ఎక్స్‌రేలు చూపించి కారణం చెబితే వినండి. కారణం చెప్పకుండా "సేఫ్టీకి" అంటే ఇంకొకరిని కలవండి.

అనంతపురం వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు ఈ లెక్కలు అతకవు. వాళ్లకు వెన్ను లోపలి బంధనాలు ఎముకలా గట్టిపడి మెడ దగ్గర వెన్నుపామునే నొక్కుతాయి. నడక బిగుసుకుపోతుంది, చొక్కా గుండీ పెట్టుకోలేరు. అక్కడ ఆగడమే నష్టం. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నడుం నొప్పి ఉంటే వెన్నుకు టీబీ ఉందేమో చూడాలి. విచిత్రంగా అక్కడ కత్తి ఓడిపోయింది: మద్రాసులో పెద్ద ఆపరేషన్‌నూ, మంచాన పడకుండా తిరుగుతూ మందులు మాత్రమే మింగడాన్నీ పోల్చిన పరిశోధన పదేళ్ల ఫలితాలు 1999లో వచ్చాయి. మందులు మాత్రమే వాడినవాళ్లు ఏమాత్రం వెనకబడలేదు. నడవలేనంతగా కాళ్లు చచ్చుబడినవాళ్లను అందులో చేర్చుకోలేదు, వాళ్ల సంగతి వేరు.

పోలికలేవీ అక్కర్లేని పరిస్థితి ఒకటుంది. మూత్రం రావడం ఆగినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ, తొడల లోపల తిమ్మిరెక్కినా, రెండు కాళ్లూ ఒకేసారి బలహీనపడినా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. నడుం కింద నరాల కుచ్చు మొత్తం నలుగుతోందని అర్థం. పత్తికొండ వైపు ఒక పల్లె నుంచి ఒకావిడ ఇలాగే వచ్చింది. మూత్రం రాకపోతే వేడి చేసిందనుకుని రెండు రోజులు బార్లీ నీళ్లు, సబ్జా నీళ్లు తాగించారు. ఆపరేషన్ చేశాం, కాళ్లు వచ్చాయి. మూత్రం మీద అదుపు మాత్రం పూర్తిగా రాలేదు. ఇంట్లోవాళ్లను ఏమంటాం, వాళ్లకు ఎవరు చెప్పారు గనక.

మేనత్త సంగతికి వద్దాం. ఇక్కడ భయం ఎక్కువ, కానీ లెక్క దాదాపు అదే. పెద్దవాళ్లలో నూటికి ముగ్గురికి మెదడు రక్తనాళం మీద ఇలాంటి బుడగ ఉంటుందని అంచనా. అంటే మీ ఎమ్మిగనూరు బస్టాండులో వందమంది నిలబడితే ముగ్గురు తెలియకుండానే మోస్తున్నారు. ఎక్కువమందికి అది ఎప్పటికీ చిట్లదు. స్కాన్లు పెరిగాక బయటపడేవీ పెరిగాయి. ఆమె తలనొప్పికీ దీనికీ సంబంధం లేకపోవడానికే అవకాశం ఎక్కువ.

2003లో వచ్చిన అంతర్జాతీయ పరిశోధనలో, ఇంతకుముందు రక్తస్రావం లేనివాళ్లకు, మెదడు ముందుభాగపు రక్తనాళాల మీద 7 మిల్లీమీటర్ల కన్నా చిన్న బుడగలుంటే ఐదేళ్లలో చిట్లినవి సున్నా. అదే సైజు వెనుకభాగంలో, లేదా ఆ రెంటినీ కలిపే రక్తనాళం మీద ఉంటే నూటికి 2.5. ఈ సున్నాను నేను పూర్తిగా నమ్మను. ప్రమాదంగా కనబడినవాళ్లకు ముందే ఆపరేషన్ చేసేసి, మిగిలినవాళ్లను లెక్కించారన్న విమర్శలో న్యాయం ఉంది. జపాన్‌లో 6,697 బుడగలను గమనించి 2012లో చెప్పిన లెక్క నాకు ఎక్కువ నచ్చుతుంది: 3, 4 మిల్లీమీటర్లవి ఏడాదికి నూటికి 0.36 చిట్లాయి. అంటే వెయ్యిమందిలో ఏటా నలుగురి కన్నా తక్కువ. జపాన్ వాళ్లలో ఇవి చిట్లడం మామూలు కన్నా ఎక్కువని కూడా అంటారు.

రెండోవైపు తూకంలో వేయాల్సింది చికిత్స ప్రమాదం. తొడ రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి బుడగను కాయిల్‌తో, అంటే సన్నని తీగ చుట్టతో నింపితే సుమారు నూటికి ఐదుగురికి, పుర్రె తెరిచి క్లిప్ పెడితే సుమారు ఎనిమిదిమందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చినట్టు 2019 సమీక్ష చెబుతోంది. చావు మాత్రం చాలా అరుదు. ఏటా 0.36 అన్న చిన్న ముప్పు నుంచి తప్పించుకోవడానికి ఒకే రోజున ఐదో ఎనిమిదో శాతం ముప్పు తీసుకోవాలా అన్నదే ప్రశ్న. 30 ఏళ్ల మనిషికి ముందు బతుకు చాలా ఉంది కాబట్టి జవాబు మారొచ్చు. 58 ఏళ్ల ఆమెకు, బుడగ గుండ్రంగా నున్నగా ఉంటే, ఏడాదికోసారి స్కాన్ తీసి గమనించడం వైపే నేను మొగ్గుతాను. బుడగ మీద ఇంకో చిన్న బుడిపె ఉన్నా, రెండో స్కాన్‌కు పెరిగినా మాట మారుస్తాను.

చిట్లని బుడగల్లో చీటీలు తీసి పోల్చిన గట్టి పరిశోధన ఏది అని అడిగితే, ఒకటి మొదలుపెట్టారు, 80 మంది చేరేసరికే ఆగిపోయింది. తలలో బాంబు ఉందని విన్న మనిషి చీటీకి ఒప్పుకోడు కదా. రక్తనాళాలు ముడిపడిపోయే ఏవీఎం అనే జబ్బులో మాత్రం అరుబా పరిశోధన 2014లో వచ్చింది. చిట్లనివాటిని ఊరికే గమనించిన గుంపులో పక్షవాతం లేదా చావు 10.1 శాతం, చికిత్స చేసిన గుంపులో 30.7 శాతం. మధ్యలోనే ఆపేశారు. సగటున మూడేళ్లు కూడా చూడకుండా జీవితకాలపు ముప్పును ఎలా తూచారన్న గొడవ ఇప్పటికీ ఉంది.

చిట్లిన బుడగ పూర్తిగా వేరే జబ్బు. ఒక్క క్షణంలో తలలో పిడుగు పడ్డట్టు, జన్మలో ఎరగని తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, సోయి తప్పడం ఉంటే అమృతాంజనం రాసి పడుకోబెట్టకండి. మొదటి 24 గంటల్లోనే మళ్లీ చిట్లే ప్రమాదం ఎక్కువ. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్నచోటికి తీసుకెళ్లండి. అలాంటి 2,143 మందిని పోల్చిన ఐశాట్ పరిశోధనలో (2002) ఏడాదికి చనిపోయినవాళ్లు, ఇంకొకరి మీద ఆధారపడినవాళ్లు కలిపి కాయిల్ గుంపులో 23.7 శాతం, క్లిప్ గుంపులో 30.6 శాతం. రెండు పద్ధతులకూ వీలయ్యే బుడగలకే ఆ లెక్క. కాయిల్ పెట్టినచోట మళ్లీ నిండే అవకాశం కాస్త ఎక్కువ కాబట్టి తర్వాత స్కాన్లు తప్పవు.

మేనత్తకు ఇప్పుడు మందులకన్నా ముఖ్యం బీపీ అదుపు, పొగాకు ఉంటే పూర్తిగా మానడం. "మాకందరికీ స్కాన్ తీయించాలా" అని కూడా మీరు అడుగుతారని తెలుసు. రక్తసంబంధంలో దగ్గరివాళ్లు, అంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఇద్దరికో అంతకన్నా ఎక్కువమందికో ఉంటేనే ఆ ఆలోచన. ఒక్కరికుంటే వద్దు.

ఖర్చు విషయం ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. ఆరోగ్యశ్రీ పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది కానీ అందరం పాత పేరుతోనే పిలుస్తున్నాం. హైదరాబాదు పోయినా, బెంగళూరు పోయినా సర్జన్‌ను ఒక్క ప్రశ్న మొహమాటం లేకుండా అడగండి: ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? బుడగల విషయంలో ఆ సంఖ్యకు విలువుంది. నన్నూ అడుగుతారు, నాకేం కోపం రాదు. నేను కాయిల్ వేయను, వేసేవాళ్ల దగ్గరికి పంపిస్తాను.

ఈ సాయంత్రం మీ నాన్నను మడమల మీద పది అడుగులు నడిపించి చూడండి. ఎడమ బొటనవేలిని పైకి లేపమని, మీ వేలితో కిందకు నొక్కి, కుడివైపు బలంతో పోల్చండి. ఎడమది లొంగిపోతుంటే ఆరు వారాల లెక్క మర్చిపోయి రేపే ఎవరైనా న్యూరోసర్జన్‌కో వెన్నెముక సర్జన్‌కో చూపించండి. మేనత్త రిపోర్టులో బుడగ ఏ రక్తనాళం మీద ఉందో ఆ పేరు, ఆమె బీపీ ఎంతో రాయండి. ఆ రెండూ తెలిస్తే ఇంకొంచెం సూటిగా చెప్పగలను.